ప్రోగ్రాం నోరు నొక్కొద్దు

చిన్న దుకాణాలకూ, మిల్లులకూ, ట్యూషన్ సెంటర్లకూ పైథాన్‌లో ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లలో చాలామంది చివర్లో ఒక పని చేస్తారు. ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా దాని వెనక ప్రత్యక్షమయ్యే నల్ల విండోని కనబడకుండా చేస్తారు. ఫైలు పేరు చివర ‘పీవై’ అని ఉన్నదాన్ని ‘పీవైడబ్ల్యూ’ అని మారిస్తే చాలు, విండోస్ దాన్ని ఆ కన్సోల్ విండో లేకుండా నడుపుతుంది. యజమానికీ అదే నచ్చుతుంది. “ఆ నల్లడబ్బా ఏంటండీ, చూడ్డానికి బాలేదు, తీసెయ్యండి” అని అడిగేది చాలాసార్లు ఆయనే. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు బాగుచేసేవాడి కష్టాలు ఎక్కువగా ఆ చిన్న మార్పు దగ్గరే మొదలవుతాయని ఇన్నేళ్లలో నాకు నమ్మకం కుదిరింది.

ప్రోగ్రాం తనకేమైందో చెప్పుకునే చోటు ఆ కన్సోలే. పైథాన్‌లో ఎక్కడైనా పని చెడితే ట్రేస్‌బ్యాక్ వస్తుంది. ఏ ఫైలు, ఎన్నో లైను, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచింది, చివరికి ఎందుకు ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. కన్సోల్ తీసేసి నడిపితే ఆ మాటలకు చేరే చోటు ఉండదు. ప్రింట్ చేయమని రాసుకున్న లైన్లదీ అదే గతి. ఎక్కడికీ పోవు, పోలేదని ఫిర్యాదూ రాదు.

పైథాన్‌లో విండోలూ బటన్లూ తయారుచేసుకునే టీకింటర్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో తప్పు దొర్లితే ప్రోగ్రాం మూతపడదు. సంగతి కన్సోల్ మీద రాసేసి, తర్వాతి క్లిక్కు కోసం మామూలుగా ఎదురుచూస్తుంది. ఒక బటన్ పాడైనంత మాత్రాన మిగతా పనులు ఆగకూడదు కాబట్టి ఈ ఏర్పాటు మంచిదే. కానీ కన్సోల్ లేనిచోట వాడేవాళ్లకు తెలిసేది ఒక్కటే: నొక్కారు, ఏమీ కాలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కారు, అప్పుడూ ఏమీ కాలేదు.

అందుకని ఎవరి ప్రోగ్రాం ముందు కూర్చున్నా కోడ్ చదవడం తర్వాతకి పెట్టుకుంటాను. ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ప్రోగ్రాంని అక్కడినుంచి నడిపి, వాళ్లు చెప్పిన బటన్‌ని వాళ్లచేతే నొక్కిస్తాను. చాలా జబ్బులు అక్కడే బయటపడతాయి. ట్రేస్‌బ్యాక్‌ని కిందినుంచి చదవాలి. అట్టడుగు లైనులో ఏం తప్పో ఉంటుంది. అక్కడినుంచి పైకి వెళుతూ, టీకింటర్ సొంత ఫైళ్ల పేర్లు దాటి, మనవాళ్లు రాసిన ఫైలు పేరు మొదటిసారి ఎక్కడ తగులుతుందో అక్కడ ఆగాలి. వెతకాల్సింది ఆ లైను చుట్టుపక్కలే. పైథాన్ 3.11 నుంచి లైనులో ఏ ముక్క దగ్గర తేడా వచ్చిందో కూడా కింద గుర్తులు పెట్టి చూపిస్తోంది. నేర్చుకునే పిల్లలు ఎర్రగా పెద్దగా వచ్చిన ఆ అక్షరాలను చూసి భయపడి విండో మూసేస్తుంటారు. వాళ్లకి మొదట నేర్పాల్సింది ఆ భయం పోగొట్టుకోవడం.

కొన్నిసార్లు ఆ మాటలు వేరే భాషలో వస్తాయి. టీకింటర్ పైథాన్‌తో పాటే వచ్చినా, దాని కింద బొమ్మలు గీసే టీకే పైథాన్‌ది కాదు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ 1980ల చివర్లో టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాషను తయారుచేశారు. ఆ తర్వాత దానికి తోడుగా రాసిందే టీకే. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ దాన్ని తెచ్చుకుని వాడుకుంటోంది. ఈ రోజుకీ టీకింటర్ విండో వెనక ఒక టీసీఎల్ ఇంటర్‌ప్రెటర్ నడుస్తూనే ఉంటుంది. ‘ఇన్‌వ్యాలిడ్ కమాండ్ నేమ్’ అనే తప్పు కనబడగానే, అసలు నేను కమాండ్ ఏం రాశానని తలపట్టుకుంటారు. నిజానికి మూసేసిన విండోలోని బటన్‌నో పెట్టెనో ప్రోగ్రాం మళ్లీ తాకబోయిందని దానర్థం. టీసీఎల్‌లో ప్రతి బటనూ ఒక కమాండే మరి.

పశ్చిమ గోదావరిలో ఒక రైసుమిల్లు కాటా ప్రోగ్రాం గురించి కాస్త వివరంగా చెప్పాలి. లారీ కాటా ఎక్కుతుంది, ఇండికేటర్ మీద బరువు వస్తుంది, గుమస్తా బటన్ నొక్కుతాడు, సీరియల్ కేబుల్ మీదుగా అంకె కంప్యూటర్‌లోకి దిగుతుంది, చీటీ ప్రింటవుతుంది. కోతల రోజులు, బయట ధాన్యం లారీల వరస. సరిగ్గా అప్పుడే ప్రోగ్రాం బిగుసుకుపోయేది. విండో తెల్లబారి, పైన పేరు పక్కన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడేది. ఎండ్ టాస్క్ కొట్టి మళ్లీ తెరిచేవారు. కేబుల్ మార్చారు, యాంటీవైరస్ తీసేశారు, కంప్యూటర్‌ని ఫార్మాట్ కూడా చేశారు. తగ్గలేదు.

అక్కడున్న పాత గుమస్తా ఒక మాట అన్నారు. “నేను కూకుంటే రాదండి. కొత్త కుర్రోడు కూకున్నప్పుడే వస్తదండి.” మిల్లులో అందరూ దాన్ని కుర్రాడి మీద నేరంగా తీసుకున్నారు. నాకు మాత్రం అది దొరికినవాటన్నిటిలోకీ గట్టి ఆధారంలా అనిపించింది. కంప్యూటర్ అదే, లారీలు అవే, చెయ్యి మాత్రమే మారుతోంది. ఇద్దరి పక్కనా కూర్చుని చూస్తే తేడా తెలిసింది. పెద్దాయన లారీ పూర్తిగా ఎక్కి, ఇంజను ఆగి, అంకె నిలబడ్డాక నొక్కుతారు. కుర్రాడు చురుకైనవాడు. ముందు చక్రాలు కాటా మీదికి రాగానే నొక్కేస్తున్నాడు. ఆ ఇండికేటర్‌ని బరువు నిలకడ పడ్డాకే అంకె పంపేలా సెట్ చేశారు. ప్రోగ్రాంలోనేమో సీరియల్ పోర్టు నుంచి లైను చదివేచోట గడువు పెట్టలేదు. గడువు లేకపోతే లైను వచ్చేదాకా, ఎంతసేపైనా సరే, ప్రోగ్రాం అక్కడే ఉండిపోతుంది.

అంకె కోసం ఆగితే విండో ఎందుకు తెల్లబడాలి? టీకింటర్‌లో తెర గీయడం, క్లిక్కులు వినడం, కీబోర్డు అక్షరాలు అందుకోవడం, మన ఫంక్షన్లు నడపడం అన్నీ మెయిన్‌లూప్ అనే ఒకే వరసలో జరుగుతాయి. ఒకే ఒక్క గుమస్తా ఉన్న పోస్టాఫీసు కౌంటరు అనుకోండి. ఎవరిదో పార్సిల్ కోసం ఆయన లోపలికెళ్లి అక్కడే నిలబడిపోతే, స్టాంపు కోసం వచ్చినవాళ్లకు కూడా జవాబు చెప్పే నాథుడుండడు. అలా ఓ 5 సెకన్లు విండో నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే విండోస్ దాన్ని స్పందించడం లేదని ప్రకటిస్తుంది. లారీ కుదురుకుని అంకె వచ్చాక ఈ ప్రోగ్రాం దానంతటదే మళ్లీ లేచేది. తెల్లబడిన విండో చూశాక అంతసేపు ఎవరు ఆగుతారు?

చూసి ఊహించినది రుజువు కావాలి కదా. పైథాన్ 3.3 నుంచి ఫాల్ట్‌హ్యాండ్లర్ అనే మాడ్యూల్ వస్తోంది. అందులో ఒక టైమర్ ఉంటుంది. మెయిన్‌లూప్ ఆడుతున్నంతసేపూ సెకనుకోసారి ఆ టైమర్‌ని మళ్లీ మొదటికి తిప్పేలా రాసుకోవచ్చు. మెయిన్‌లూప్ ఎక్కడైనా ఇరుక్కుంటే టైమర్ గడువు దాటి, ప్రోగ్రాం ఆ క్షణంలో ఏ ఫైలులో ఏ లైను మీద నిలబడి ఉందో ఒక ఫైలులో రాసేస్తుంది. కన్సోల్ లేని ప్రోగ్రాంలో ఆ ఫైలుని మనమే తెరిచి దాని చేతికివ్వాలి. ఇచ్చాం. తర్వాతిసారి తెల్లబడినప్పుడు ఫైలులో పడ్డది సీరియల్ పోర్టు చదివే లైనే.

కుర్రాడికి ఆగి నొక్కమని చెప్పి వచ్చేయొచ్చు. నేను దానికి ఒప్పుకోను. మనిషి తొందరను తట్టుకోలేని ప్రోగ్రాం, ఆ మనిషికి నేరం అంటగట్టకూడదు. చదివే పనిని వేరే థ్రెడ్‌కి మార్చి, వచ్చిన అంకెను ఒక క్యూలో వేయించి, మెయిన్‌లూప్ 100 మిల్లీసెకన్లకోసారి ఆ క్యూలోకి తొంగిచూసేలా ‘ఆఫ్టర్’ అనే మెథడ్‌తో ఏర్పాటు చేశాం. బరువు నిలవనంతసేపూ బటన్ దగ్గర ‘ఆగండి, బరువు ఇంకా కదులుతోంది’ అని తెలుగులో కనిపిస్తుంది. ఇక్కడ ఒక నియమం మరవకూడదు. తెరమీది బటన్లనూ పెట్టెలనూ రెండో థ్రెడ్ నేరుగా తాకకూడదు, అంకె క్యూలో పెట్టి తప్పుకోవాలి. తాకితే కొన్నాళ్లు బాగానే నడిచినట్టుండి, ఎప్పుడో చెప్పాపెట్టకుండా కూలుతుంది. అలాంటి జబ్బు పట్టుకోవడం మహాకష్టం.

కొందరు ఇలాంటిచోట థ్రెడ్ జోలికి పోకుండా మధ్యమధ్యలో ‘అప్‌డేట్’ అని పిలిచి తెరను కదిలిస్తుంటారు. ఆ అలవాటు నాకు అస్సలు నచ్చదు. అప్‌డేట్ తెర గీయడంతో ఊరుకోదు, వేచి ఉన్న క్లిక్కులన్నిటినీ అప్పటికప్పుడే నడిపిస్తుంది. మొదటి బిల్లు సేవ్ అవుతూ ఉండగానే రెండో క్లిక్కు లోపలికి దూరి, ఒకే లోడుకి రెండు చీటీలు తయారవుతాయి. డబ్బు లెక్క ఉన్నచోట దీనికన్నా తెల్లబడిన విండోయే నయం.

మిగతావి తరచుగా తగిలేవే కానీ ఒకసారి తెలిస్తే తేలికగా పోతాయి. పెట్టిన లోగో కనబడకుండా ఖాళీచోటు మిగిలిందంటే, ఫంక్షన్ ముగియగానే ఆ బొమ్మను పట్టుకున్న వేరియబుల్ పోయి పైథాన్ దాన్ని మెమరీలోంచి ఊడ్చేసిందన్నమాట. బొమ్మని విండోకి సంబంధించిన ఏదో ఒకదానికి తగిలించి ఉంచాలి. లూపులో తయారుచేసిన పది బటన్లూ చివరి సరుకు ధరే చూపిస్తుంటే లాంబ్డా లోపలి వేరియబుల్‌ని చూడండి. దాని విలువ బటన్ తయారైనప్పటిది కాదు, నొక్కినప్పటిది. నొక్కకముందే బటన్ పని జరిగిపోతే ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు ఉన్నాయేమో చూడండి. ఉబుంటులో టీకింటర్ మాడ్యూలే లేదంటే అది విడి ప్యాకేజీగా వస్తుందని గుర్తుపెట్టుకోండి. ఇంకా విండోస్ 7 మీదే బండి లాగిస్తున్న దుకాణంలో పైథాన్ 3.9 గానీ ఆ పైవి గానీ నడవవు. అక్కడ 3.8 దగ్గరే ఆగాలి.

తెలుగు దగ్గర మాత్రం ఆగి చూడాలి, ఎందుకంటే ఈ జబ్బులు మనం కనిపెట్టకపోతే మరెవరూ కనిపెట్టరు. రైతు పేరు తెలుగులో టైపు చేసి సేవ్ కొడితే ఫైలు ఖాళీగా ఉంటుంది. ఫైలు తెరిచేచోట ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, విండోస్‌లో పైథాన్ ఆ కంప్యూటర్ పాత అలవాటు ప్రకారం పోతుంది. ఇంగ్లిష్ విండోస్‌లో ఆ అలవాటులో తెలుగు అక్షరాలకు చోటు లేదు. రాయడానికని తెరిచినప్పుడే పాత ఫైలు తుడిచిపెట్టుకుపోయింది, తర్వాత అక్షరం దగ్గర పని ఆగింది, ఆగిన సంగతి చెప్పడానికి కన్సోల్ లేదు. పాతదీ పోయి, కొత్తదీ రాక, సేవ్ అయిందనుకుని మనిషి ఇంటికెళ్లిపోయాడు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ గొడవే లేదు.

ఇంకొకటి లైనక్స్‌లో. అక్కడ టీకే 8.6 మన లిపికి కావలసిన కూర్పు చేయదు. అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది. ఒత్తులు కిందికి దిగవు, ‘క్ష’ విడిపోయి రెండు ముక్కలవుతుంది. అదే మాట హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడుకునే క్యూటీ అనే మరో టూల్‌కిట్ విండోలో చక్కగా కూర్చుంటుంది. తెలుగు చదవడం రాని టెక్నీషియన్‌కి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏవో తెలుగు అక్షరాలు వచ్చాయిగా, పనైపోయిందంటాడు. ప్రోగ్రాంలో ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క లైనూ పడదు. ఆ తప్పు పట్టాలంటే తెలుగు చదివే కన్ను కావాలి. లైనక్స్ మీద తెలుగు తెర కావాలన్నవాళ్లకి టీకింటర్ వద్దనే చెబుతున్నాను.

చివరిగా ఈఎక్స్ఈ సంగతి. స్క్రిప్టు భాషలో రాసినదానికున్న పెద్ద సుగుణం, దాన్ని అక్కడికక్కడే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలగడం. పైఇన్‌స్టాలర్ అనే పరికరంతో ఒకే ఈఎక్స్ఈ ఫైలుగా మూటగట్టి, అసలు కోడ్ మన లాప్‌టాప్‌లో మాత్రమే ఉంచుకుంటే ఆ సుగుణం పోతుంది. పైగా ఆ మూట నడిచిన ప్రతిసారీ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పుకుని, మూసేటప్పుడు దాన్ని చెరిపేస్తుంది. డేటాబేస్ ఫైలుని కోడ్ పక్కనే పెట్టమని రాసి ఉంటే అదీ అక్కడే పుట్టి అక్కడే పోతుంది. నిన్న రాసిన లెక్కలు తెల్లారేసరికి లేవని ఎవరైనా అంటే నేను ముందు వెతికేది ఇదే.

ఇలాంటి ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లందరికీ నా మనవి. నల్ల విండో తీసేయమంటే తీసేయండి, కానీ దానికి బదులు ఒక లాగ్ ఫైలు పెట్టండి. టీకింటర్ తప్పులను రాసే ‘రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్’ అనే మెథడ్‌ని మార్చి, అదే మాటను ఫైలులో రాయించి, ‘ఈ పని కాలేదు’ అని వాడేవాళ్లకు ఒక చిన్న పెట్టెలో చెప్పించడానికి పట్టుమని పది లైన్లు కూడా అక్కర్లేదు. కోడ్ నకలు ఒకటి ఆ కంప్యూటర్‌లోనే ఉంచండి. ఏ పైథాన్ వెర్షన్‌తో నడుస్తుందో, లాగ్ ఫైలు ఎక్కడుందో ఒక కాగితం మీద తెలుగులో రాసి మానిటర్ పక్కన అంటించండి. రేపు మీరు ఊళ్లో లేనప్పుడు, ఫోను ఎత్తలేనప్పుడు, ఆ దుకాణానికి వచ్చే ఇంకో కుర్రాడు ఆ కాగితం చూసి పని మొదలుపెట్టగలగాలి.