వరం నుండి రుణానికి: ఒక జపాన్ అనిమేలో పునర్జన్మ భావన

మరణించిన మనిషి మరో లోకంలో మేల్కొనడం తెలుగు ప్రేక్షకునికి కొత్త కాదు. ఉప్పల్ పక్కనున్న నాచారంలో రామకృష్ణ స్టూడియో నెలకొల్పిన ఎన్.టి. రామారావు ‘యమగోల’ (1977)లో పోషించిన పాత్ర యమలోకం చేరి, అక్కడి పాలననే ప్రశ్నిస్తుంది. లోకాంతర గమనాన్ని వస్తువుగా గ్రహించే కథాప్రక్రియను జపాన్‌లో ‘ఇసెకాయి’ అంటారు. 2018లో ప్రసారమారంభించిన ‘దట్ టైమ్ ఐ గాట్ రీఇన్‌కార్నేటెడ్ యాజ్ ఎ స్లైమ్’ అందులో ప్రసిద్ధమైనది. 37 ఏళ్ల ఉద్యోగి మికామి సతోరు కత్తిపోటుకు మరణించి, ఒక గుహలో జిగురుముద్ద వంటి జీవిగా పుడతాడు.

భారతీయ పునర్జన్మ భావనకు కర్మ ఆధారం. ఇక్కడ పూర్వకర్మకు ప్రమేయం లేదు. మరణక్షణంలో మెదిలిన ఆలోచనలే శక్తులుగా సంక్రమిస్తాయి. శ్రమ లేకుండా లభించిన ఈ శక్తుల వల్ల సంఘర్షణ పలచబడింది. ఇదే ఈ అనిమేలోని ప్రధాన లోపం.

షిజు ఘట్టం ఈ లోపాన్ని కొంత పూరిస్తుంది. మరణశయ్యపై ఆమె కోరిన మేరకు ఆమె దేహాన్ని తనలో కలుపుకొని నాయకుడు మానవరూపం పొందుతాడు. ఆపై ఆమె విడిచివెళ్లిన శిష్యుల బాధ్యతను స్వీకరిస్తాడు. వరం రుణంగా మారిన ఈ చోటనే కథ బలపడుతుంది, మన పునర్జన్మ భావనకూ చేరువవుతుంది.