మంద వెంట ఇల్లు

అనంతపురం మెట్ట ప్రాంతంలో చలికాలమంటే గొర్రెల మందలు ఊరు దాటే కాలం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానతో మొలిచిన గడ్డి డిసెంబరు నాటికి బీళ్లలో అడుగంటుతుంది. శనక్కాయ కట్టె వాముల్లోకి చేరుతుంది. సరిగ్గా ఆ వేళకే తుంగభద్ర కాలువల కింద వరి కోతలు పడతాయి. కోసిన మడిలో మోళ్లు, గట్టు మీద పచ్చిక, కాలువలో నీళ్లు ఉంటాయి. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు కురుబ కాపరుల మందలు వాటిని వెతుక్కుంటూ బళ్లారి, సిరుగుప్ప దారి పట్టి, తొలకరికి తిరుగుముఖం పడతాయి.

ఈ ప్రయాణంలో ఇల్లు కూడా కదలాలి. కారణం ఎరువు. రైతు తన చేలో మంద పెట్టించుకుని ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఒక చోట ఒకటి రెండు రాత్రులు వల కట్టి రొప్పం వేశాక పెంట, మూత్రం ఆ నేలకు సరిపోతాయి, ఇక వల పక్క మడికి మారాలి. మంద ఎక్కడుంటే కాపరి అక్కడే పడుకోవాలి. నక్కలు, కుక్కలు, దొంగల భయం ఉన్నచోట ఊళ్లో అరుగు మీద నిద్ర కుదరదు.

ఇంటిని చక్రాల మీద పెట్టుకుని దేశం తిరిగే అలవాటు అమెరికాలో బాగా ఉంది. అలాంటి బండిని ఆర్వీ అంటారు. చలి ముదిరితే ఉత్తరాది ముసలివాళ్లు ఆ బండ్లలో దక్షిణానికి దిగుతారు. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు జనవరిలో వాటితో నిండిపోతుంది. దిగకుండా మంచులో ఉండిపోయేవారికి సున్నా డిగ్రీల దగ్గర గొట్టాల్లో నీరు గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాలు పగులుతాయి. అందుకే ముందే నీళ్లు వదిలేస్తారు. అనంతపురంలో నీరు గడ్డకట్టదు. కానీ పన్నెండు, పదమూడు డిగ్రీల రాత్రి, తడి మడిలో, గోడ లేకుండా గడపడం తేలికైన పని కాదు. వేకువజామున పడే మంచు బట్టల్ని పిండేటట్టు తడుపుతుంది.

అలాంటి రాత్రి కాపరిని కాచేది కంబళి. ఈ శీర్షిక దాన్ని పొగడడం పాత పాఠకులకు కొత్త కాదు. మళ్లీ పొగడక తప్పదు. కంబళి దుప్పటి ఒక్కటే కాదు, పరుపు, గొడుగు, గోడ కూడా. ఒక అంచు మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటే వానకు అడ్డం, రెండు కర్రల మీద వేస్తే గాలికి అడ్డం. దక్కని గొర్రె ఉన్ని ముతకది, సహజంగా నల్లనిది, రంగు అద్దే పని లేదు. ఏడాదికి రెండు సార్లు కత్తెరతో కత్తిరించి, వింటి నారితో ఏకి, దుమ్ము రాల్చి, ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. పడుగు సాగదీసి చింతగింజల గంజి పూసి ఎండబెడతారు. ఆ గంజి దగ్గరే పనితనమంతా ఉంటుంది. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే జిగురు వస్తుంది. పలుచనైతే పోగు లేస్తుంది, చిక్కనైతే గుంట మగ్గం మీద పోగు విరుగుతుంది. బాగా గంజి పట్టిన కొత్త కంబళి అట్టలా నిలబడుతుంది. వాన చినుకు దాని మీద పడి జారిపోతుంది.

కంబళి వెచ్చదనానికి కారణం ఉన్ని పోగు వంకరల్లో చిక్కుకుని నిలిచే గాలి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా చర్మానికి తడి తెలియనివ్వదు. ప్లాస్టిక్ పట్ట కింద పడుకున్నవాడి సంగతి వేరు. అతని ఊపిరిలోని ఆవిరి చల్లటి పట్టకు తగిలి నీళ్లై, తెల్లవారేసరికి అతని మీదే కారుతుంది. ఆర్వీ లోపలి గోడలకు పట్టే చెమ్మ కూడా ఇదే.

ఇప్పుడు కంబళి తగ్గిపోతోంది. అందుకు మూలం మందలోనే ఉంది. మాంసానికి ధర పెరిగాక నెల్లూరు జాతి వచ్చి చేరింది. పల్ల, జోడిపి, డోరా అని మూడు రకాలుగా చెప్పే ఆ గొర్రెకు పొడవు కాళ్లు, ఒంటిన వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. ఉన్ని లేని చోట మగ్గం ఎంతకాలం ఆడుతుంది? కంబళి పోయి వేరే సరంజామా వస్తోందని, మంద వెంట మినీ లారీ కనబడినప్పుడల్లా, పట్ట, ప్లాస్టిక్ బిందె, గ్యాస్ పొయ్యి చూసినప్పుడల్లా ఈ శీర్షికకు మనసు కష్టమయ్యేది.

ఈ వారం రాయదుర్గం దారిలో, పొద్దుగూకే వేళ, అలాంటి లారీ ఒకటి గాలికి అడ్డంగా ఆపి ఉంది. గాలి వచ్చే వైపు పట్ట దించి, అవతలి వైపు తెరిచి పెట్టారు. లోపల ఎండు గడ్డి పరుపు మీద పదుల కొద్దీ గొర్రెపిల్లలు, కొన్నింటి బొడ్డు ఇంకా ఎండలేదు. పక్కన గంపలు బోర్లించి ఉన్నాయి.

అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒళ్లు తడి. చిన్న దేహం కాబట్టి వేడి త్వరగా జారిపోతుంది. పైగా తల్లి రోజంతా నడుస్తుంది, ఆ నడక పిల్లకు చేతకాదు. కాపరి కంబళి మడతలో రెండో మూడో పడతాయి, మిగిలినవాటికి దారి కష్టమే. కంబళి మనిషికి ఎంత మంచి ఇల్లయినా పిల్లలన్నిటికీ చాలదు. చక్రాల బండి చాలుతుంది. మందకు వచ్చే ఏడాది ఉందా లేదా అన్నది ఈ పిల్లల మీదే ఆధారపడినప్పుడు, బండిని తప్పుపట్టడం ఇన్నాళ్లూ ఈ శీర్షిక చేసిన పొరపాటు.

బండికి దాని జాగ్రత్తలు దానికున్నాయి. నాలుగు వైపులా మూస్తే మూత్రం ఘాటు పిల్లల ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. తడిసిన గడ్డి రోజూ మార్చాలి. వెచ్చదనానికి నిప్పుల కుంపటి లోపల పెట్టకూడదు. మూసిన బండిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆర్వీల్లోనూ ఇదే భయం.

అన్నిటికంటే ముఖ్యం, పొద్దు గూకకముందే పిల్లల్ని దించి తల్లులకు కలపడం. మంద రొప్పం చేరగానే తల్లులు అరుస్తాయి, పిల్లలు లారీ లోంచి బదులిస్తాయి. కాపరి ఒక్కొక్కదాన్ని ఎత్తి దించుతాడు. వాసన పట్టి తల్లి తన పిల్లను గుర్తుపడుతుంది, పిల్ల మోకాళ్ల మీద వాలి పొదుగు వెతుకుతుంది. పొదుగు దొరకని పిల్లను కాపరి పట్టి చన్ను నోటికి అందిస్తాడు. ఆ రోజు పుట్టినవాటికి ముర్రుపాలు ముందు. కడుపులో పాలు లేని పిల్ల ఏ పట్ట కింద ఉన్నా తెల్లవారుజాము చలికి ఆగదు.