«థ్యాంక్స్ టు» అను పలుకుబడి

ఆంగ్లమున «థ్యాంక్స్ టు» అను పలుకుబడి మిక్కిలి వాడుకలో నున్నది. దాని వెంట నామవాచకమో సర్వనామమో రావలెను. «థ్యాంక్స్ టు ది రెయిన్స్» అనుట సాధువు; «థ్యాంక్స్ టు ఇట్ రెయిన్డ్» అనుట యసాధువు. «థ్యాంక్ టు» అనుటయుఁ దప్పే. ఇందుఁ గృతజ్ఞతకంటెఁ గారణమే ప్రధానార్థము. కావున నిది మేలునకును గీడునకును జెల్లును. కీడునఁ జెప్పినపు డెత్తిపొడు పగును.

దీనిని తెనుఁగున «ధన్యవాదములు» అని మార్చుట యుచితము గాదు. 2021లో గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోఁటలను నల్లతామర పురుగు పాడుచేసెను. ఆ నష్టమును జెప్పుచు «పురుగునకు ధన్యవాదములు» అని వ్రాసినచో రైతు పురుగునకు మ్రొక్కుచున్నట్లు తోఁచును. «పురుగు పుణ్యమా యని పెట్టుబడియుఁ బోయినది» అనుట మన నుడికారము. «సాగరు కాలువ పుణ్యమా యని మెట్టచేను తడిసినది» అనినచో నదియే నిజమైన మెచ్చుకో లగును. ఆంగ్లపదమునందున్న రెండు పోకడలును దీనియందుఁ గలవు.

ఐనను నష్టపరిహారము గోరు నర్జీలో రెండును దగవు. అచట «పురుగు వలన» అని సూటిగాఁ జెప్పవలెను. ఎత్తిపొడుపు వినఁబడినచోఁ గారణము మఱుఁగున పడి, రైతు మొఱ తేలికయగును.