ఈ రాయిది ఏ ఊరు?

అజ్మాన్ కార్నిష్ ఒడ్డున గుప్పెడు ఇసుక తీసి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి, గాజు గ్లాసులో వేసి నాలుగు చెంచాల తెల్ల వెనిగర్ పోయండి. సన్నగా బుసబుసమంటూ బుడగలు లేస్తాయి. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది కూడా. భీమిలి ఒడ్డు ఇసుకతో ఇదే పని చేస్తే దాదాపు ఏమీ జరగదు. కానీ ఆ ఇసుక మీద అయస్కాంతం ఆడించి చూడండి, నల్లటి రేణువులు మీసాల్లా లేచి అంటుకుంటాయి.

గల్ఫ్ సముద్రం లోతు తక్కువ, సగటున 35 మీటర్లే. ఈ వెచ్చటి నీళ్ళలో గవ్వలు, ఆల్చిప్పలు, పగడాలు దండిగా పెరుగుతాయి. అవి చచ్చాక వాటి గుల్లలు అలలకు నలిగి నలిగి ఇసుక అవుతాయి. అదంతా సున్నం జాతి, కాల్షియం కార్బొనేట్. అందుకే ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. భీమిలి ఇసుక పుట్టుక వేరు. అది తూర్పు కనుమల రాళ్ళు అరిగితే వాగులూ నదులూ మోసుకొచ్చిన సరుకు. అందులో క్వార్ట్జ్ ఉంటుంది, ఎర్రటి గార్నెట్ ఉంటుంది, నల్లటి ఇల్మనైట్, మాగ్నటైట్ ఉంటాయి. ఈ ఒడ్డును సముద్రజీవులు పోశాయి, ఆ ఒడ్డును కొండలు పోశాయి.

చలికాలం వచ్చిందంటే మా బిల్డింగ్‌లోనూ చుట్టుపక్కలా ఉండే కొన్ని తెలుగు కుటుంబాలం శనివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని రాళ్ళూ ఇసుకా చూడ్డానికి బయల్దేరుతాం. మాలో భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు ఎవరూ లేరు. అకౌంటెంట్లు, నర్సులు, సైట్ ఇంజనీర్లు, అంతే. సరంజామా కూడా పెద్దదేం కాదు: భూతద్దం, గ్రోసరీలో కొన్న వెనిగర్ సీసా, తాడు కట్టిన అయస్కాంతం, వంటింటి తూకం, ఒక కొలజాడీ, చిన్న చిన్న కాగితాలు, పెన్సిల్. వీటన్నిటిలో నేను ఎక్కువ విలువిచ్చేది కాగితాలకే.

పిల్లలు రాయి చేతిలోకి తీసుకోగానే అడిగే మొదటి ప్రశ్న, "ఆంటీ, దీని పేరేంటి?" అని. పేరు నేను వెంటనే చెప్పను. "ఎక్కడ దొరికింది నాన్నా నీకు? కొండ మీదా, వాడీలోనా, రోడ్డు పక్కనా?" అని అడుగుతాను. వాడీ అంటే ఇక్కడి ఎండిన కొండవాగు. పరాయి దేశంలో సాటి తెలుగువాడు ఎదురైతే మనం "మీది ఏ ఊరండీ?" అని మొదలుపెడతాం కదా, రాయితో పరిచయమూ అలాగే మొదలవ్వాలని నా పట్టుదల. దొరికిన చోటు, తేదీ, చుట్టూ ఇంకేం రాళ్ళున్నాయి, తీసింది ఎవరు, ఇవన్నీ కాగితం మీద రాశాకే పేరు సంగతి.

మాల్స్‌లో పన్నెండు రాళ్ళ పెట్టెలు అమ్ముతారు. నున్నగా సానబట్టి, గడికొకటి పెట్టి, కింద పేర్లు అచ్చువేసి ఉంటాయి. పుట్టినరోజుకి ఎవరో ఒకరు తెచ్చిస్తారు. వాటి మీద నాకు ద్వేషం లేదు, కానీ వాటితో పిల్లలకు అబ్బేది చాలా తక్కువ. ఆ రాయి ఏ కొండలోది, దాని కింద ఏముంది, పైన ఏముంది, ఏ వాగు దాన్ని దొర్లించింది? ఏదీ తెలియదు. సానబట్టడంలో పై తోలు కూడా పోయింది. వాతావరణానికి రాయి ఎలా మారుతుందో చెప్పేది ఆ పై తోలే.

అజ్మాన్ అంటే సముద్రమే అనుకుంటాం. కానీ ఈ చిన్న ఎమిరేట్‌కి హజర్ కొండల నడుమ, సుమారు 110 కిలోమీటర్ల దూరాన, మస్ఫూత్ ఉంది. ఆ కొండల్లో చాలా భాగం ఒకప్పటి సముద్రపు అడుగు. దాదాపు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం కింద పుట్టిన భూపటలం, దాని దిగువ ఉండే మాంటిల్‌తో సహా, భూపలకల తాకిడికి అరేబియా నేల మీదికి ఎక్కింది. ఒమన్‌లోని సమాయిల్ పేరుతో దాన్ని సమాయిల్ ఓఫియొలైట్ అంటారు. నేల మీద ఇంత పెద్దగా, ఇంత స్పష్టంగా కనిపించే ఓఫియొలైట్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కిలోమీటర్ల లోతున ఉండాల్సిన మాంటిల్‌ను మన పిల్లలు చెప్పులేసుకుని తొక్కుతున్నారు!

ఇది మాటల్లో చెబితే పిల్లలు బుద్ధిగా తల ఊపుతారు, అంతే. తూకం వేయిస్తే కథ మారుతుంది. పైన తుప్పురంగు, పగిలిన చోట ముదురాకుపచ్చగా ఉండే రాయి ఒకటి. తూకంలో 640 గ్రాములు చూపించింది. అంచుదాకా నీళ్ళు నింపిన గిన్నెలో మెల్లగా దించి, పొర్లిన నీళ్ళు కొలిస్తే 200 మిల్లీలీటర్లు. అంటే నీటికంటే 3.2 రెట్లు బరువు. మన వైపు గ్రానైట్ 2.7 దగ్గర ఆగుతుంది. "ఇది లోపల్నుంచి వచ్చిందా?" అని ఒక పిల్లవాడు తనంతట తనే అడిగాడు. అప్పుడు చెప్పాను పెరిడొటైట్ అనే పేరు. నీళ్ళు పట్టి సర్పెంటినైట్‌గా మారిన రాయి ఇంతకంటే తేలిక, దానికి అయస్కాంతం కొద్దిగా అంటుకుంటుంది కూడా.

వాన సూచన ఉన్న రోజున మాత్రం వాడీల జోలికి పోకండి. ఎక్కడో కొండ మీద పడిన వాన ఇక్కడి ఎండలో నిలబడ్డవాణ్ణి ముంచుతుంది.

షార్జాలో 2020లో తెరిచిన బుహైస్ జియాలజీ పార్కు చిన్నపిల్లలున్నవాళ్ళకు మంచి చోటు. అక్కడ దొరికిన శిలాజ సముద్రపు అర్చిన్ల ఆకారంలోనే భవనాలు కట్టారు. శిలాజాల్ని కళ్ళతో చూసి, బొమ్మ గీసుకుని రావాలి, జేబులో వేసుకోకూడదు. తీసేసిన శిలాజం ఏ పొరలోదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

కొండలదాకా వెళ్ళే తీరిక లేనివాళ్ళు పార్కింగ్ పక్కన పోసిన కంకర చూసినా చాలు. ఇక్కడి కట్టడాలకు ఫుజైరా క్వారీల గాబ్రో, రస్ అల్ ఖైమా సున్నపురాయి లారీల్లో వస్తాయి. వెనిగర్ చుక్క వేస్తే ఏది ఏదో తేలిపోతుంది. నలుపూ తెలుపూ చుక్కలున్న గాబ్రో కూడా ఆ పాత సముద్రపు అడుగుదే.

వేసవి సెలవుల్లో ఇండియాకు వెళ్ళే పిల్లలకు పనులు అప్పజెప్పి పంపిస్తాను. అమ్మమ్మగారి వంటింట్లో కడప బండ ఉంటే, అమ్మమ్మను అడిగి, మూల మీద నిమ్మరసం చుక్క వేయాలి. నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, అదీ సున్నపురాయే కాబట్టి. హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ముందు నిలబడి దాని పూర్తి పేరు రాసుకురావాలి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. 1988లో శాస్త్రవేత్త యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన పల్లె పేరు ఒక డైనోసార్ మోస్తోందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

ఎండల్లో ఇక్కడే ఉండిపోయేవాళ్ళకు బాల్కనీ ప్రయోగం ఉంది. వెడల్పాటి పళ్ళెంలో లీటరు సముద్రపు నీళ్ళు పోసి పల్చటి గుడ్డ కప్పాలి. మొదట అంచున తెల్లటి పొర కడుతుంది, అందులో జిప్సం ఉంటుంది. ఆ తర్వాతే ఉప్పు గడులు గడులుగా పేరుకుంటుంది. అబుదాబి తీరం వెంట ఉన్న సబ్‌ఖాలు అనే ఉప్పు నేలల్లోనూ జిప్సం, ఉప్పు దాదాపు ఇదే వరసలో పేరుకుంటాయి. మహాసముద్రాల్లో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పుంటే, గల్ఫ్ నీళ్ళలో 40 దాకా ఉంటుంది. ఎండ ఎక్కువ, వచ్చి కలిసే నదులు తక్కువ. మరి గోదావరి వరద మీదున్నప్పుడు కాకినాడ ఒడ్డున ఎంత ఉంటుంది? ఈ ఆగస్టులో అక్కడికి వెళ్తున్న అక్కా తమ్ముళ్ళిద్దరూ అంచనాలు ముందే కాగితం మీద రాసి నాకిచ్చారు. అక్క 30 అంది, తమ్ముడు 38 అంటున్నాడు. వాళ్ళ తాతయ్య దగ్గర నగలు తూచే త్రాసు ఉందట, నీళ్ళు ఆవిరయ్యాక మిగిలిన ఉప్పును దాని మీదే తూస్తారట.