పాఖీ ఒక్కతే చెడ్డదా?

రాత్రి పది కాగానే మా ఇంట్లో స్టార్ ప్లస్ పెడతారు. అమ్మ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టుకుంటూనే ‘అనుపమా’ చూస్తుంది. చేతులు ఆకు మీద, కళ్లు టీవీ మీద. నాయనమ్మకు హిందీ అంతగా రాదు. అయినా పాఖీ కనబడితే ఊరుకోదు. "ఇగో, వచ్చింది మహాతల్లి! ఇయ్యాల ఎవరి కొంప ముంచుతదో!" అంటుంది. అందరం నవ్వుతాం. నేనూ చాలా రోజులు నవ్వాను. పోయిన వేసవి సెలవుల్లో పాత ఎపిసోడ్లు మొదటి నుంచి ఫోన్‌లో చూశాక మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు సీరియల్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ‘అనుపమా’ 2020 జూలైలో మొదలైంది. దీని మూలం ‘శ్రీమొయీ’ అనే బెంగాలీ సీరియల్. అదే కథ మరాఠీలో ‘ఆయీ కుఠే కాయ్ కర్తే’, తెలుగులో ‘ఇంటింటి గృహలక్ష్మి’, తమిళంలో ‘బాక్యలక్ష్మి’ అయింది. మా షోలాపూర్ గల్లీలో ఒకరింట్లో మరాఠీది చూసేవాళ్లు, పక్కింట్లో తెలుగుది, మా ఇంట్లో హిందీది. భాషలు వేరైనా ఏడుపు ఒక్కటే. అహ్మదాబాదులో షా కుటుంబం. అనుపమా ఆ ఇంటి కోడలు, పొద్దున లేచింది మొదలు అందరికీ అన్నీ అమర్చి పెట్టే మనిషి. భర్త వనరాజ్‌కు ఆఫీసులో కావ్య అనే ఆమెతో సంబంధం ఉంటుంది. అనుపమాకు ముగ్గురు పిల్లలు. ఇద్దరు కొడుకుల తర్వాత చివరిది పాఖీ. సీరియల్ మొదలైనప్పుడు స్కూలు పిల్ల, అంటే ఇంచుమించు మన వయసే.

పాఖీ ఏం చేస్తుందంటే, ఎవరి దగ్గర ఏం మాట్లాడితే తన పని అవుతుందో కనిపెట్టి అట్లా మాట్లాడుతుంది. నాన్న దగ్గర గారాలు పోతుంది. అమ్మ దగ్గర అరుస్తుంది, అలుగుతుంది. అమ్మకు ఇంగ్లీషు రాదని, స్కూలుకు వస్తే పరువు పోతుందని బాధ. చీర మంచిగా కట్టి, ఇంగ్లీషులో గడగడ మాట్లాడే కావ్య ఆమెకు నచ్చుతుంది. అమ్మానాన్నలు విడిపోయాక అమ్మను ఎక్కడ పొడిస్తే నొప్పి పుడుతుందో అక్కడే మాటతో పొడుస్తుంది. కొంచెం పెద్దయ్యాక ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అధిక్‌ను పెళ్లి చేసుకుంటుంది. ఆ గొడవలోనే తల్లి ఆమెను ఇంట్లోనుంచి వెళ్లగొడుతుంది. ఆ రోజు మా ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు.

నా ప్రశ్న ఇది. ఈ పిల్ల ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంది?

మొదటి ఎపిసోడ్లు జాగ్రత్తగా చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ ఇంట్లో భోజనాల దగ్గర వనరాజ్ భార్యను ఎట్లా పలకరిస్తాడో చూడండి. ఆమెకు ఏమీ తెలియదన్నట్టే మాట్లాడతాడు. అత్తగారు బా ఎప్పుడూ కొడుకు వైపే. ఇంట్లో అందరూ ఆమె చేసింది తింటారు, ఆమెను మాత్రం లెక్క చేయరు. పదహారేళ్లు ఇదే చూసిన పిల్ల వేరే ఏం నేర్చుకుంటుంది? పెద్దవాళ్లు రోజూ మెల్లగా అనే మాటనే పాఖీ గట్టిగా అన్నది, అంతే తేడా. నాన్న అంటే కోపం, పాఖీ అంటే పొగరు అయింది. మరాఠీ సీరియల్ పేరులోనే ఈ మాట ఉంది. ‘ఆయీ కుఠే కాయ్ కర్తే’ అంటే ‘అమ్మ ఏం చేస్తుంది గనక’ అని. ఆ పేరు పెట్టినవాళ్లకు జబ్బు ఎక్కడుందో తెలుసు అనిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. మన బడిలో అమ్మ టీచర్లతో తెలుగులోనే మాట్లాడుతుంది, అందుకని ఇక్కడ నాకు ఏ ఇబ్బందీ లేదు. కానీ నేను లెక్కలకు బయట ట్యూషన్‌కు వెళ్తాను. అక్కడ అందరూ మరాఠీ, ఇంగ్లీషు మీడియం పిల్లలు. పోయిన ఏడాది అక్కడ తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అమ్మ మరాఠీ మాట్లాడుతుంది గానీ మధ్యలో తెలుగు దొర్లుతుంది. చేతులకు ఎంత కడిగినా తంబాకు వాసన పోదు. నేను ఇంట్లో మీటింగు లేదన్నాను. ట్యూషన్‌లో అమ్మకు జ్వరం అన్నాను. పెద్దనాన్న కొడుకును, మా అన్నను, బతిమాలి తీసుకెళ్లాను. అతనికి నా ఫోన్ చార్జర్ లంచం. అన్నీ సరిగ్గా కుదిరాయి. ఏ సంగీతమూ మోగలేదు, ఎవరి ముఖమూ మూడుసార్లు చూపించలేదు. అమ్మ ఆ సాయంత్రం, "మీటింగు ఎప్పుడు పెడతరట? చెప్తే ఆ రోజు బీడీలు తొందరగా కార్ఖానాలో ఇచ్చి వస్త" అని అడిగింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

ఆ రోజు నన్ను ఎవరూ పాఖీ అనలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. నాకు ఇది ఎవరు నేర్పారని ఆలోచించాను. మా నాన్న వనరాజ్ లాంటివాడు కాదు. అయినా బ్యాంకు కాగితం వస్తే "నీకేం తెలుస్తది, అటుపెట్టు" అంటాడు. అమ్మ కూడా "నాకేం తెల్వది బిడ్డా" అంటుంది. నెలకు ఎన్ని వేల బీడీలు చుట్టింది, ఎంత రావాలి, ఎంత కోసుకున్నారు అన్నీ నోటిలెక్కతో చెప్పే మనిషి ఆమె! ఆ మాటలు వినీ వినీ నేనూ నమ్మాను. తప్పు నాది కాదని నేను అనడం లేదు, అబద్ధం ఆడింది నేనే. కానీ ఆ అబద్ధానికి విత్తనం నేను ఒక్కదాన్నే వేయలేదు.

అందుకే ఈ సీరియల్ మీద నా ఫిర్యాదు ఇది. పాఖీని చెడ్డగా చూపించారని కాదు. ఆమెను చెడ్డగా చూపించి పెద్దవాళ్లను తప్పించారు. వనరాజ్ బాధపడితే అతని బాధకు కూడా సమయం ఇస్తారు. పాఖీకి మాత్రం లెక్చరు, చెంపదెబ్బ, ఏడుపు, క్షమాపణ. తర్వాత కొన్ని వారాలకు ఆమె అన్నీ మరిచిపోయి మళ్లీ మొదటికే వస్తుంది. రోజూ వచ్చే సీరియల్‌కు రోజూ ఒక గొడవ కావాలి గదా, ఈ పిల్లను అందుకు వాడుకున్నారు. తప్పు చేసిన మనిషికి అది గుర్తు ఉంటుంది. నాకు ఇప్పటికీ ట్యూషన్ మెట్లు ఎక్కుతుంటే గుర్తొస్తుంది. పాఖీకి ఏదీ గుర్తుండదు. అక్కడే ఆ పాత్ర నాకు నిజం అనిపించలేదు.

ఒక్క చోట మాత్రం నిజం అనిపించింది. డాన్స్ పోటీ వస్తుంది. అమ్మకు తీరిక లేదని పాఖీ కావ్య దగ్గర డాన్స్ నేర్చుకుంటుంది, అమ్మను నానా మాటలు అంటుంది. తీరా పోటీ సమయానికి కావ్య వదిలేసి వెళ్లిపోతుంది. అప్పుడు అనుపమా వచ్చి కూతురితో స్టేజీ మీద ఆడుతుంది. అప్పుడు పాఖీ ముఖంలో ఎత్తులు లేవు, భయం ఉంది, తర్వాత సిగ్గు ఉంది. ముస్కాన్ బామ్నే బాగా నటించింది. అక్కడినుంచి ఆ పిల్ల కొంచెమైనా మారినట్టు రాసి ఉంటే ఎంత బాగుండేది!

సెలవులు అయ్యాక నేను అమ్మకు మీటింగు సంగతి చెప్పాను. అమ్మ కొట్టలేదు, ఏడవలేదు. చాట పక్కన పెట్టి కాసేపు దారం కొసను వేలికి చుట్టుకుంది. "మల్ల ఎప్పుడున్నది?" అని మాత్రం అడిగింది. వచ్చే నెలలో ఉంది. అమ్మ వస్తున్నది. నాకు ఇంకా కొంచెం సిగ్గుగానే ఉంది, దాచను. కానీ నాయనమ్మ పాఖీని తిడుతుంటే ఇప్పుడు నేను, "నాయనమ్మా, ఆమెకు నేర్పినోళ్లను కూడా రెండు తిట్టు" అంటున్నాను.