లాబాను ఇంటి ఓలి

మన గూడేల్లో చర్చి పెళ్లి అంటే చదివే భాగం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆదికాండము రెండో అధ్యాయం. ఏదెను తోట, ఆదాముకు గాఢనిద్ర, పక్కటెముక, ఇద్దరూ ఏకశరీరం కావడం. ఆ భాగం చదవొద్దని మేము అనడం లేదు, మంచి భాగమే. చిక్కంతా ఆ తర్వాత వచ్చే ప్రసంగంతోనే. దేవుడు మొదటినుంచీ ఒకే రకం కుటుంబాన్ని పెట్టాడనీ, అదే క్రైస్తవ కుటుంబమనీ, మన తాతల నాటి ఓలి, మేనరికం, ఇల్లరికం అన్నీ వెలుగు తెలియని రోజుల అలవాట్లనీ చెబుతారు. పందిట్లో కూర్చున్న ముసలివాళ్లు తలవంచుకుంటారు. పందిరి బయట మాత్రం కొత్త మోటార్ సైకిల్ పూలదండతో నిలబడి ఉంటుంది. అది పెళ్లికూతురి తండ్రి పొలం తాకట్టు పెట్టి కొన్నది. దాని గురించి ప్రసంగంలో ఒక్క మాట ఉండదు.

మా రచయితల్లో చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, వేల్పుల కొలుపుకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం ఎవరి విశ్వాసం మీదా తగువు కాదు. ఒక పుస్తకాన్ని ఎలా చదువుతున్నాం అన్నదే ఇందులో మాట. ఆదికాండంలో యాభై అధ్యాయాలున్నాయి. పెళ్లి గురించి రెండో అధ్యాయం దగ్గరే ఆగిపోయి, ఇరవై నాలుగు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ముప్పై నాలుగు అధ్యాయాలను దాటేస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

యాకోబు కథే తీసుకుందాం. అన్న కోపానికి భయపడి ఇల్లు వదిలిన కుర్రాడు తల్లి పుట్టింటికి చేరాడు. బావి దగ్గర గొర్రెలు తోలుకొచ్చిన రాహేలును చూశాడు. అక్కడ ఒక్క వచనంలోనే లాబాను అతని తల్లికి తోడబుట్టినవాడని మూడుసార్లు వస్తుంది. ఎందుకు మూడుసార్లు? మన పిల్లలకు ఆ ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెబుతారు: మేనమామ కాబట్టి, ఆ పిల్ల వరసైన పిల్ల కాబట్టి. తెలుగు బైబిల్ అనువాదకులు అక్కడ మేనమామ అనే మాట వాడకుండా తల్లి సహోదరుడు అని రాశారు. అర్థం సరిపోయింది గానీ చుట్టరికం చల్లబడింది. పిల్లను అడిగితే లాబాను చెప్పిన జవాబు కూడా మనకు కొత్తది కాదు. పరాయివాడికి ఇవ్వడంకంటే నీకు ఇవ్వడమే నయమంటాడు. మేనరికం ఎందుకని మన పెద్దల్ని అడిగితే ఇంతకంటే వేరే మాట చెప్పరు.

యాకోబు చేతిలో పశువుల్లేవు, వెండి లేదు. ఓలి కింద ఏడేళ్ల చాకిరీ ఒప్పుకున్నాడు. గోండుల్లోనూ మరికొన్ని తెగల్లోనూ ఓలి ఇచ్చుకోలేని కుర్రాడు మామ ఇంట కొన్నేళ్లు పనిచేసి పిల్లను చేసుకోవడం ఉండేది. యాకోబు చేసింది అదే. (పద్నాలుగేళ్లు పనిచేశాక గానీ రాహేలు దక్కలేదని కొందరు బోధకులు చెబుతారు. అది సరి కాదు. లేయా పెళ్లివారం ముగియగానే రాహేలును కూడా ఇచ్చారు, రెండో ఏడేళ్ల పని ఆ తర్వాత చేశాడు. చేసిన అప్పు తీర్చినట్టు.) ఆపైన మంద కోసం మరో ఆరేళ్లు. మొత్తం ఇరవై ఏళ్లు మామ కొట్టంలోనే గడిచాయి.

ఇంకా ముందు, ఇస్సాకు పెళ్లిలోనూ ఇచ్చింది మగపిల్లవాడి వైపువాళ్లే. అబ్రాహాము సేవకుడు రిబ్కాకు వెండి బంగారు నగలూ బట్టలూ పెట్టాడు, ఆమె అన్నకూ తల్లికీ విలువైన వస్తువులు ఇచ్చాడు. ఓలి అన్న మాట మేము తెచ్చి అతికిస్తున్నది కూడా కాదు. మన ఇళ్లలో ఉన్న తెలుగు బైబిల్లోనే అది అచ్చై ఉంది. ఆదికాండము 34లో షెకెము దీనా కోసం ఇస్తానన్నది ఓలి. నిర్గమకాండము 22లో కన్యను లోబరచుకున్నవాడు కట్టవలసింది ఓలి. హీబ్రూలో దాన్ని మోహర్ అంటారు. అనువాదానికి కూర్చున్నవాళ్లకు ఈ నేలమీద సరిపోయే మాట కావలసి వచ్చినప్పుడు దొరికింది ఓలే. షెకెము మాటల్లో ఓలి పక్కనే కట్నం కూడా ఉంది. అక్కడ కట్నం ఇస్తానంటున్నది మగవాడు! ఈ భాగం మీద కట్నానికి వ్యతిరేకంగా ఎంత ప్రసంగం చెప్పొచ్చో బోధకులు ఆలోచించాలి.

ఉపాధ్యాయ మిత్రుల్లో కొందరికి ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఓలి అంటే కన్యాశుల్కమే కదా, దాన్ని గురజాడ ఎప్పుడో చీల్చి చెండాడాడు కదా అంటారు. 1897లో అచ్చైన ఆ నాటకం అభంశుభం తెలియని పసిపిల్లల్ని డబ్బుకోసం ముసలి బ్రాహ్మణులకు కట్టబెట్టడం గురించి. ఆ పిల్లలకు విడిపోయే దారి లేదు, భర్త పోతే మళ్లీ పెళ్లి లేదు. మన తెగల్లో ఓలి నడిచింది ఎదిగిన పిల్లల మధ్య. పొసగకపోతే పెద్దల ముందు ఓలి తిరిగిచ్చి విడిపోయే వీలుంది, మారుమనువుకూ అడ్డులేదు. డబ్బు ఒకే దిక్కుకు నడిచినంత మాత్రాన రెండూ ఒకటి కావు. బడి పాఠాల్లో ఈ తేడా చెప్పనందువల్ల మన పిల్లలు తమ అవ్వ అమ్ముడుపోయిందనుకుంటున్నారు.

ఇక క్రైస్తవ వ్యాఖ్యాతలు ఈ కథలతో ఎలా వేగారో చూద్దాం. వాళ్లకూ ఇవి మింగుడుపడలేదు. మూడో శతాబ్దపు తొలినాళ్లలో తెర్తుల్లియన్ ఇద్దరు భార్యల్ని మొదట కట్టుకున్నవాడు లెమెకు అనీ, వాడు హంతకుడనీ గుర్తుచేశాడు. ఆ వాదాన్ని ఎంతదాకా లాగాడంటే భార్య చనిపోయినవాడు మళ్లీ పెళ్లి చేసుకోవడం కూడా తప్పన్నాడు. మరి యాకోబు? ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్తీను, సుమారు 400 ప్రాంతంలో, దానికి వేరే జవాబు వెతికాడు. నలుగురు స్త్రీలతో కాపురం ఆ రోజుల్లో ఆచారం కాబట్టి అప్పుడు నేరం కాదు, ఇప్పుడు ఆచారం కాదు కాబట్టి ఇప్పుడు నేరం అన్నాడు. ఈ మాట దగ్గర మేము కాసేపు ఆగాం. ఆచారాన్ని దాని కాలంలో, దాని చోట పెట్టి తూచాలని ఒప్పుకున్నది చర్చి పితరుల్లో అందరికంటే పెద్దపేరున్నవాడు. ఆ వెసులుబాటు అబ్రాహాముకూ యాకోబుకూ దొరికింది. మన తాతకు దొరకలేదు.

దొరలకు మాత్రం దొరికింది. జర్మనీలో హెస్సే ప్రభువు ఫిలిప్పు భార్య బతికుండగానే రెండో పెళ్లి చేసుకోవాలనుకున్నప్పుడు, 1539 డిసెంబరులో లూథరు, మెలాంక్తన్ గుట్టుగా ఉంచమని చెప్పి సరేనన్నారు. పితరుల ఉదాహరణ అప్పుడు పనికొచ్చింది.

ఈ తగువు అసలు ముదిరింది మాత్రం మనలాంటివాళ్ల దగ్గరికి మిషన్లు వెళ్లాకే. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో జులూలకు పశువుల రూపంలో ఓలి ఇచ్చే ఆచారం ఉంది, లొబోలా అంటారు. ఒకరికంటే ఎక్కువమంది భార్యలున్న ఇళ్లూ ఉండేవి. బాప్తిస్మం కావాలంటే ఒక్క భార్యను ఉంచుకుని మిగిలినవాళ్లను పంపెయ్యమని మిషనరీలు పట్టుబట్టేవారు. అక్కడ మొదటి ఆంగ్లికన్ బిషప్ జాన్ కొలెన్సో 1855లోనే దీనికి ఎదురు చెప్పాడు. పంపేసిన ఆడమనిషి ఎక్కడికి పోవాలి, ఆమె పిల్లలు ఎవరి పిల్లలు కావాలి అని అడిగాడు. తర్వాత ఆయనకు అనువాదంలో తోడ్పడిన విలియం న్గిది అనే జులూ జలప్రళయం కథ నిజంగా జరిగిందా అని అడిగాడనీ, ఆ ప్రశ్న కొలెన్సోను కుదిపేసిందనీ చరిత్రలో ఉంది. 1862 నుంచి కొలెన్సో మోషే గ్రంథాల మీద రాసిన విమర్శ ఆయన పదవికే ముప్పు తెచ్చింది. గిరిజనుడు అడిగిన ప్రశ్న బిషప్పు పుస్తకమైందని మన పిల్లలకు తెలియాలి.

1888లో లండన్‌లో లాంబెత్ సభకు చేరిన ఆంగ్లికన్ బిషప్పులు బహుభార్యలున్న మగవాడికి బాప్తిస్మం ఇవ్వరాదని తీర్మానించారు. సరిగ్గా వందేళ్లకు, 1988లో, అదే సభ దిగివచ్చింది. ఇకమీదట మరో పెళ్లి చేసుకోనని మాట ఇస్తే భార్యాపిల్లలతో సహా చేర్చుకోవచ్చు, భార్యల్ని వెళ్లగొట్టమని బలవంతపెట్టరాదు అంది. మధ్యలో ఆ వందేళ్లూ వెళ్లగొట్టబడ్డ ఆడవాళ్ల లెక్క ఎవరు రాశారు? ఇద్దరు భార్యల కాపురాన్ని మేము సమర్థించడం లేదు. మన ఇళ్లలో అది పెట్టిన బాధ మాకు తెలుసు, లేయా రాహేలుల కథలోనూ ఆ బాధే ఉంది. మా ఫిర్యాదు వేరు. లేఖనం ఒకే నమూనా చెప్పిందన్న ధీమాతో బతికున్న మనుషుల్ని రోడ్డుమీద పెట్టారు.

ఆ ఒకే నమూనా అసలు లేఖనంలో లేదు. శారా తనకు తండ్రి వైపు చెల్లెలని అబ్రాహామే చెప్పాడు. లేవీయకాండము 18 అలాంటి పెళ్లిని నిషేధించింది. అక్క బతికుండగా చెల్లెల్ని చేసుకోవడాన్నీ అదే అధ్యాయం నిషేధించింది, యాకోబు చేసింది అదే. మోషే తండ్రి చేసుకున్నది తన మేనత్తను, అదీ ఆ తర్వాత కూడని వరసే. (మేనమామ కూతురు మాత్రం ఆ జాబితాలో లేదు. మేనరికం వద్దనడానికి ఆరోగ్యపరమైన కారణాలు ఉన్నాయి, డాక్టర్లు చెబితే వినాలి. బైబిల్ వద్దంది అని చెప్పడం మాత్రం సరి కాదు.) రెండో అధ్యాయంలోని ఏకశరీరం మాట దగ్గర కూడా, ఇద్దరు అన్న మాట మనకందిన హీబ్రూ పాఠంలో లేదు. గ్రీకు అనువాదంలో ఉంది. యేసు విడాకుల గురించి వాదిస్తూ ఎత్తిచూపిన రూపంలో ఉంది. ఒక గ్రంథం తన కుటుంబ ధర్మాన్ని తానే ఇన్నిసార్లు సరిదిద్దుకుంటూ నడిచింది.

ఇక్కడితో ఆపితే మన ఆచారాలకు బైబిల్ ముద్ర వేయించుకున్నట్టు అవుతుంది. అదీ తప్పుడు చదువే. కథలోని ఆడవాళ్లను అడగాలి. రిబ్కాను వెళతావా అని అడిగారు, నిజమే. కానీ పెద్దలు పిల్లను ఇచ్చేశామని ముందురోజే చెప్పారు. మర్నాడు అడిగింది వెంటనే బయల్దేరతావా అనే. లేయానూ రాహేలునూ ఆ మాత్రం కూడా అడగలేదు. బిల్హా, జిల్పాలు కూతుళ్ల వెంట లాబాను పంపిన దాసీలు. పుట్టింటివాళ్లు పంపినవాటి గురించి ఈ కథలో వెతికితే దొరికేది ఇదే, మనుషుల్ని సామానుగా పంపడం. యాకోబు సంతానంలో నలుగురు కొడుకులు ఆ ఇద్దరి కడుపున పుట్టారు. వాళ్లు మాట్లాడిన మాట ఒక్కటీ గ్రంథంలో లేదు.

మాట్లాడింది హాగరు. శారా దాసి, ఐగుప్తు మనిషి. గర్భంతో అడవికి పారిపోయి, ఆ ఎడారిలో దేవునికి తానే ఒక పేరు పెట్టింది. బైబిల్లో అలా పేరు పెట్టిన మొదటి మనిషి ఆమె. అయినా పౌలు గలతీయులకు రాసిన ఉత్తరంలో ఆమెను బానిసత్వానికి గుర్తుగా నిలబెట్టాక శతాబ్దాలపాటు వ్యాఖ్యాతలు ఆ కన్నుతోనే చూశారు. 1984లో ఫిలిస్ ట్రిబుల్, 1993లో నల్లజాతి వేదాంతి డెలోరెస్ విలియమ్స్ హాగరును మళ్లీ మనిషిగా చదివారు. ఏజెన్సీలో బయటినుంచి వచ్చినవాడు భూమి కోసమో వ్యాపారం కోసమో గిరిజన స్త్రీని ఇంట్లో పెట్టుకుని, పని తీరాక పిల్లలతో సహా వదిలెయ్యడం చూసినవాళ్లకు ఆదికాండము 21కి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒక రొట్టె, ఒక నీళ్లతిత్తి భుజాన పెట్టి పంపేశారు.

ఇక ముప్పై ఒకటో అధ్యాయం. యాకోబు ఊరు వదలాలనుకుని భార్యలిద్దర్నీ పొలానికి పిలిపించి మాట్లాడాడు. అంతవరకు ఒకరితో ఒకరు పోటీపడిన అక్కచెల్లెళ్లు అప్పుడు ఒకే గొంతుతో తండ్రి మీద ఫిర్యాదు చేశారు. తమను పరాయివాళ్లలా చూశాడనీ, తమను అమ్మి ఆ సొమ్మంతా తినేశాడనీ అన్నారు. ఓలి పెద్దలకు అందింది, పిల్లలకు మిగిలిందేమీ లేదు. వాళ్ల ఫిర్యాదు ఓలి తీసుకున్నందుకా, తీసుకున్నది తినేసినందుకా? మాలో దీనిమీద ఏకాభిప్రాయం కుదరలేదు. తినేసినందుకే అని మాలో ఎక్కువమంది నమ్మకం. ఓలి తిరిగిచ్చి విడిపోవచ్చన్న మన ఆచారం కూడా ఇక్కడే గండి పడుతుంది. తండ్రో అన్నో ఆ సొమ్ము ఖర్చుపెట్టేసి ఉంటే, భర్త కొట్టినా వెనక్కి రావద్దని ఆడపిల్లను వాళ్లే ఆపుతారు. అలా ఆగిపోయినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు.

కట్నానికి ఆ గండి కూడా అక్కర్లేదు. ఇచ్చింది తిరిగిరాదు, ఇంకా తెమ్మంటారు. 1961 చట్టం ప్రకారం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే, చర్చి పెళ్లయినా సరే. ప్రభుత్వోద్యోగం వచ్చిన మన కుర్రాడు, మైదానంలో చదువుకుని, ఓలి ఇవ్వడం నామోషీ అనుకుని కట్నం అడుగుతున్నాడు. అలా అడగడమే నాగరికత అనీ, క్రైస్తవ పద్ధతి అనీ అతనికి ఎవరూ చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. ఏదెను తోట గురించి మాత్రం చెప్పారు. ఆ రెండో అధ్యాయంలో తల్లిదండ్రుల్ని విడిచి భార్యను హత్తుకొమ్మన్నది మగవాడికి. ఆడపిల్లే ఇల్లు వదలాలన్న మాట అక్కడ లేదు. ఇల్లరికాన్ని వెక్కిరించే బోధకుడు ఆ వచనాన్ని ఇంకోసారి చదవాలి. స్త్రీని సహాయమని పిలిచిన హీబ్రూ మాట కూడా చాలా చోట్ల దేవుణ్ణి పిలిచేదే, పనిమనిషిని పిలిచేది కాదు.

ఈ మధ్య మేము కొన్ని ఊళ్ల సండేస్కూల్ టీచర్లతో ఈ అధ్యాయాలు కలిసి చదివాం. లేయా రాహేలుల ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి పెద్దాడవాళ్లు నవ్వారు, తర్వాత మాట్లాడారు. ఎవరి ఓలి ఎంత, ఏ ఎద్దులు, ఎవరు అమ్ముకున్నారు, ఎవరికి కడియాలు చేయించారు, అన్నీ పేర్లతో సహా వాళ్లకు గుర్తున్నాయి. ఆ చర్చికి నలభై ఏళ్లుగా వస్తున్న ఒకామె, ఈ భాగం మాకు ఎప్పుడూ ఎందుకు చదవలేదని పాస్టరుగారినే అడిగింది. ఆయన వచ్చే పెళ్లిలో చదువుతానన్నారు.