గండి పడిన చోటు

మా కల్వకుర్తి ప్రాంతమున చెరువు నిండి అలుగు పారిన దినమున, నీరడి పార భుజాన వేసికొని, కొడుకును వెంటబెట్టుకొని కట్ట యెక్కుట చిన్ననాట నేను పలుమారులు చూచితిని. కట్ట పొడవునా తొందర లేక నడచుచు, ఒక్కచోట మాత్రము నిలిచి, మడమతో మట్టి నదిమి, "ఈడ మెత్తగుంటది జూడు. మీ తాత ఉన్నప్పుడు గండి ఈడనే పడ్డది. వాన పెద్దగొస్తే ముందుగాల ఈడికే రావాలె" అని చెప్పి, కొడుకునుగూడ అచ్చటనే కాలు మోపి చూడుమనెడివాడు. మరుసటి యేడు మరల అదే చోటు, అవే మాటలు. తెలిసిన దానినే యిన్ని మారులు చెప్పనేల యని ఆనాడు నాకు వింతగా తోచెను. హైదరాబాదునందలి సాఫ్ట్‌వేర్ కంపెనీలలో ఇరువది యేండ్లకు పైగా ప్రాజెక్టులు నడిపిన పిదపగాని, ఆ నడక యెంతటి శిక్షణయో నాకు బోధపడలేదు.

మా వృత్తిలో దీనిని 'కేటీ' అందురు. అనగా పని తెలిసినవాడు తన తరువాత వచ్చువానికి ఆ తెలివిడి నప్పగించుట. ఆచరణలో నది, రాజీనామా యిచ్చినవాడు నోటీసు పీరియడు చివరి పది దినములలో తెరపై పటములు చూపుచు మాటలాడుట, ఆ మాటలను రికార్డు చేసి యెవరును తెరువని ఫోల్డరులో దాచుట, 'కేటీ అయిపోయింది' అని మేనేజరు టిక్కు పెట్టుట. అట్టి టిక్కులు నేను లెక్కకు మిక్కిలిగా పెట్టితిని.

కొన్నేండ్ల క్రిందట మా చెల్లింపుల ప్రోగ్రాము, బ్యాంకునకు ఫైలు పంపిన పిదప, రసీదు వచ్చినదా లేదా యని చూచుటకు ముందు 40 సెకన్లు ఊరక నిలిచియుండెడిది. రసీదు సాధారణముగ రెండు సెకన్లలోనే వచ్చును. కొత్తగా చేరిన యొక చురుకైన అమ్మాయి ఆ విరామమునకు కారణము కానక, పత్రములు వెదకి, అందు '40 సెకన్లు ఆగవలెను' అని మాత్రమే యుండుట చూచి, నన్నడిగి, నేను సరే యన్న పిదపనే దానిని కుదించినది. ఆ నెలాఖరు రాత్రి కొందరి ఖాతాలలో జీతములు రెండుమారులు జమయైనవి. ఆ ప్రోగ్రామును చూచుకొనుచుండి, ఆరు నెలల క్రిందట మమ్ము విడిచిపోయిన మిత్రునికి అర్ధరాత్రి ఫోను చేసితిని. "నెలాఖరుకు అవతలి సర్వరుకు లోడెక్కువన్నా, రసీదు రానీకి అర నిమిషం పడ్తది. రాలేదనుకొని మనది మళ్లొకసారి పంపుతది. ముందు గిట్లనే డబుల్ పడితే నేనే పెట్టిన" అని ఒక్క గుక్కలో చెప్పెను. రాయలేదేమి తమ్మీ యని యడుగగా, "ఎంతసేపు ఆగాల్నో రాయమన్నరు, రాసిన. ఎందుకని ఎవ్వలడగలేదు గదన్నా" అనెను. అడుగవలసినవాడను నేను.

పత్రములు వ్యర్థములని నేననను. 40 అను అంకె వానిలో భద్రముగనే యుండినది. లేనిది గండి కథ. చెప్పువానికి తన విద్యలో ఏది విశేషమో తానే యెరుగకుండుటయు కలదు. జపానునందు మత్సుషిత కంపెనీ 1980వ దశకమున ఇంటిలో రొట్టె చేయు యంత్రమును తలపెట్టి, పిండి సరిగా పిసుకబడక చిక్కుపడగా, ఇకుకో తనకా అను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకాలో నొక హోటలు ప్రధాన రొట్టెపనివాని యొద్ద శిష్యురాలై, అతడు పిండిని సాగదీయుచునే మెలిపెట్టుటను కనిపెట్టెను. ఎన్ని పత్రములు వ్రాయించినను ఆ మెలిక వెలికివచ్చెడిదా?

ఇప్పుడు ప్రతి రిలీజునకు ముందు నేనొక గంట ప్రత్యేకింతును. పాతవాడొకడు ఎప్పుడు, ఎచ్చట గండి పడినదో ఆ కోడు తెరచి యుంచి చెప్పును. వ్రాయుట మాత్రము కొత్తవాని పని. వాని వ్రాతలో నేది లోపించినదో చూచిననే, పాతవాడు దేనిని చెప్ప మరచెనో తెలియవచ్చును. ఈ గంట బిల్లున కెక్కదు గదా యని పైవారు నన్నడుగుచునే యుందురు. అంతకన్న కష్టమైనది మరియొకటి కలదు: చెప్పిన గండి అప్రైజలునాడు తన తప్పుల ఖాతాలో చేరునేమో యను భయము, తెలిసినదంతయు పంచినచో రేపు తన యవసరము తీరిపోవునేమో యను మరియొక భయము. ఉద్యోగములు ఊడుచున్న యీ దినములలో ఆ భయము నిరాధారము కాదు. కాన, ఆ గంటలో విన్నదానిని నేను ఏ అప్రైజలులోను వాడనని మాట యిచ్చితిని. ఆ మాటకై నేను పైవారితో రెండుమారులు పోరాడవలసివచ్చినది.

కృష్ణనీరు నేడు శ్రీశైలం జలాశయపు టొడ్డున ఎల్లూరు నుండి మూడు దశలలో, ఒక్కొక్క దశయందు అయిదేసిగా అమర్చిన 30 మెగావాట్ల మోటార్లు ఎత్తిపోయగా, మా మెట్టకు చేరుచున్నది. నిరుడు వాన లేకయే మా చెరువు నిండినది. కట్టపై నొంటరిగ నడచి ఆ మెత్తని చోటు వెదకితిని, దొరకలేదు. నీరడి కొడుకు ఇప్పుడు నగరమున కారు నడుపుచున్నాడు. ఫోను చేసితిని. "తూము కాడికెళ్లి అరవై అడుగులన్నా, యాపచెట్టు దాటినంక" అని, కొంచెమాగి, "ఫోన్ల తెల్వదు గానీ, ఆదివారం వస్త. నిలబడి సూపిస్త" అనెను.